కరీంనగర్ దగ్గర, బీదర్ దూరం

మణికొండలో కారు కొనే మనిషికి షోరూముల కరువేమీ లేదు. గచ్చిబౌలి, కొండాపూర్, అత్తాపూర్, కూకట్‌పల్లి... ట్రాఫిక్ కరుణిస్తే ఏ కంపెనీ గడపైనా గంటలోపే. అయినా ఇక్కడి అపార్ట్‌మెంట్ల సెల్లార్‌లోకి ఒకసారి దిగి చూడండి. టీజీ 07ల మధ్య ఏపీ 39లు బారులు తీరి ఉంటాయి. ఒకటీ అరా కేఏ, ఎంహెచ్ కూడా తగులుతాయి. తెలంగాణ నంబరే ఉన్న బండికి కూడా వెనక అద్దం మీద కరీంనగర్ డీలరు స్టిక్కరో, ఖమ్మం డీలరు స్టిక్కరో ఉంటుంది.

పక్కనే దొరికేదాన్ని పనిగట్టుకుని అంత దూరం పోయి కొన్నారేమని అడిగితే మూడు జవాబులు వస్తాయి. అక్కడ చవక. అక్కడ బండి వెంటనే దొరికింది. అది మా ఊరు. మూడింటిలోనూ అబద్ధం లేదు. కాకపోతే మొదటిది పదేళ్ల కిందట ఉన్నంత నిజంగా ఇప్పుడు లేదు, రెండోది కొన్ని మోడళ్ల విషయంలో కొన్ని నెలలే నిజం, మూడోది లెక్కల పుస్తకంలో ఇమిడేది కాదు. వీటన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది రాష్ట్ర సరిహద్దు. మణికొండ నుంచి బీదర్ కన్నా కరీంనగరే ఎక్కువ కిలోమీటర్లు. కారు కొనేవాడికి మాత్రం కరీంనగర్ పొరుగు పేట లాంటిది, బీదర్ పరదేశం.

దూరం పోయి కారు కొనడం మనవాళ్లకు కొత్త కాదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని తప్ప గతి లేని రోజుల్లో జిల్లా కేంద్రంలో డీలరు ఉండటమే గొప్ప. 1983లో మారుతి 800 కోసం పది వేల రూపాయలు కట్టి పేరు నమోదు చేసుకున్నవాళ్లు లక్షకు పైగా. కారు ఎవరికి ముందు దక్కాలో లాటరీ తీసి తేల్చారు. అప్పట్లో దూరం ఓ సమస్యే కాదు, బండి దక్కడమే భాగ్యం. 1990ల తర్వాత కంపెనీలు పెరిగాయి, డీలర్లు పెరిగారు. అప్పుడు పన్ను తేడాల కాలం మొదలైంది. రాష్ట్రానికో అమ్మకం పన్ను, తర్వాత రాష్ట్రానికో వ్యాట్. ఒకే కారుకు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో షోరూం ధర. పక్క రాష్ట్రంలో కొని తెచ్చుకునేవాళ్లను చూసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1996లో బయటి నుంచి తెచ్చే వాహనాలపై ప్రవేశ పన్నుకు ఏకంగా ఓ చట్టమే చేసింది. అంటే ఆ చవక నిజమైనదేనని ప్రభుత్వమే సర్టిఫికెట్ ఇచ్చినట్టు.

2017 జులై 1న జీఎస్టీ వచ్చి ఆ ఆట కట్టించింది. వ్యాట్, ప్రవేశ పన్ను అందులో కలిసిపోయాయి. కారు మీద కేంద్ర రాష్ట్రాల పన్ను దేశమంతా ఒకటే అయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది ఇంకా సూటిగా మారింది. నాలుగు మీటర్లలోపు పొడవుండి, పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటని బండికి 18 శాతం. అంతకన్నా పెద్దవాటికి 40. కరెంటు బండికి 5. బీదర్ డీలరు మణికొండ చిరునామాతో బిల్లు రాస్తే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అనే రెండు వరసలకు బదులు ఐజీఎస్టీ అని ఒక వరస పడుతుంది. అడుగున మొత్తం మారదు. రవాణా ఖర్చును బట్టి కొన్ని కంపెనీలు ఊరికీ ఊరికీ ధరలో కాస్త తేడా పెడతాయి గానీ, దానికోసం పెట్రోలు పోసుకుని వెళ్లేంత ఉండదు.

ఫ్యాక్టరీ దగ్గర కొంటే చవక కదా అన్న ఊహ మాత్రం ఇంకా చావలేదు. కియా సెల్టోస్ 2019 నుంచి పెనుకొండ దగ్గర తయారవుతోంది. బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఆ కర్మాగారం. వీకెండ్‌కు బెంగళూరు బయల్దేరిన మణికొండ కుర్రాళ్లు దాన్ని చూసుకుంటూనే పోతారు. కానీ ఆ గేటు దగ్గర ఆగి కారు కొనడం కుదరదు, అనంతపురం డీలరు దగ్గర కొన్నా ధర ఇంచుమించు గచ్చిబౌలిదే. అమెరికాలో ఆస్టిన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు ఇంతకన్నా తమాషా అనుభవం ఉంది. టెస్లా ఫ్యాక్టరీ వాళ్ల ఊళ్లోనే. టెక్సస్ చట్టం మాత్రం తయారీదారు నేరుగా కారు అమ్మడానికి ఒప్పుకోదు. దాంతో పక్కనే తయారైన బండి అమ్మకం కాగితాల మీద వేరే రాష్ట్రంలో జరుగుతుంది. అక్కడైనా ఇక్కడైనా కారు వ్యాపారానికి గీతలు గీసేది కాగితమే.

పన్ను తేడా పోయాక డీలరుకూ డీలరుకూ మధ్య మిగిలింది డిస్కౌంటు ఒక్కటే. ఇందులో రెండు పొరలుంటాయి. కంపెనీ తన జేబులోంచి ఇచ్చేది ఒకటి: ఎక్స్‌ఛేంజ్ బోనస్, ఐటీ ఉద్యోగులకు గుర్తింపు కార్డు చూపిస్తే వచ్చే కార్పొరేట్ డిస్కౌంటు, పాత స్టాకు మీద తగ్గింపు. ఇవి ఒక ప్రాంతంలో దాదాపు ఏ డీలరు దగ్గరైనా ఒకటే. వీటిని తన సొంత ఔదార్యంగా చెప్పుకునే సేల్స్‌మన్ మాటకు కరిగిపోనక్కర్లేదు. రెండోది డీలరు తన కమిషన్‌లోంచి వదులుకునేది. ఊరు మారితే మారేది ఇదే. నెలాఖరుకు టార్గెట్ అందనివాడు, గోడౌన్‌లో ఆ రంగు బండి మూడు నెలలుగా మూలుగుతున్నవాడు ఎక్కువ వదులుతాడు. వాడు గచ్చిబౌలిలో ఉండొచ్చు, నల్లగొండలోనూ ఉండొచ్చు.

ఆ రెండో పొరను కూడా కంపెనీలు అదుపులో పెట్టాలని చూశాయి. 2021 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ మారుతి సుజుకికి 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీ చెప్పినదానికి మించి ఏ డీలరూ డిస్కౌంటు ఇవ్వకూడదన్న కట్టడి ఉందని, కొనేవాళ్ల వేషంలో మనుషుల్ని షోరూములకు పంపి పట్టుకునేవారని, దొరికిన డీలరుకే కాక అక్కడి సేల్స్ సిబ్బందికి కూడా జరిమానాలు పడేవని ఆ ఉత్తర్వు చెబుతుంది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. అంతకుముందు 2017లో హ్యుందాయ్‌కి ఇలాంటి కారణంతోనే 87 కోట్లు వేస్తే, మరుసటి ఏడు అప్పీలేట్ ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. న్యాయం ఎటు తేలినా కొనేవాడు తెలుసుకోవాల్సింది ఒకటుంది. నాలుగు ఊళ్ల డీలర్లు ఒకే అంకె చెబితే అది ప్రతిసారీ కాకతాళీయం కాకపోవచ్చు. ఒకడు మాత్రం బాగా తక్కువ చెబితే ఆ తగ్గింపును యాక్సెసరీస్‌లోనో, ఇన్సూరెన్స్‌లోనో, ‘హ్యాండ్లింగ్ చార్జీలు’ అన్న వరసలోనో తిరిగి రాబట్టే ఏర్పాటు ఉందేమో చూడాలి. అందుకే పోల్చాల్సింది డిస్కౌంటు అంకెను కాదు, ఆన్‌రోడ్ కొటేషన్‌ను, అదీ వరసా వరసా.

కాలం సంగతి కూడా ఉంది. ఆషాఢంలో, శూన్యమాసంలో మనవాళ్లు బండి ఇంటికి తెచ్చుకోరు. ఆ నెలల్లో డీలర్లు కళ్లలో వత్తులు వేసుకుని కూర్చుంటారు. శ్రావణం రాగానే, దసరా దగ్గర పడగానే బేరం వాళ్ల చేతిలోకి పోతుంది. ఆషాఢంలో బిల్లు రాయించుకుని శ్రావణంలో డెలివరీ తీసుకునే తెలివైన రాజీ కూడా ఒకటి నడుస్తోంది. డిసెంబరు చివర, మార్చి చివర తగ్గింపులు ఉండనే ఉంటాయి. నా ఉద్దేశంలో ఊరు మారి మిగుల్చుకునేదాని కన్నా నెల మారి మిగుల్చుకునేదే ఎక్కువ.

ఇక సరిహద్దు సంగతి. అసలు డబ్బు ఇక్కడే ఉంది.

లైఫ్ ట్యాక్స్ రాష్ట్రానిది, రాష్ట్రానిదే. 2022 మేలో తెలంగాణ పెట్టిన లెక్క ప్రకారం ఐదు లక్షల లోపు కారుకు 13 శాతం, ఐదు నుంచి పది లక్షలకు 14, పది నుంచి ఇరవై లక్షలకు 17, ఆపైన 18. 2025 ఆగస్టులో పది లక్షలు దాటిన బండ్ల మీద ఇంకా పెంచారు. మనిషి పేరు మీద అప్పటికే ఒక కారుంటే రెండోదానికి మరో 2 శాతం. తొమ్మిది లక్షల కారు తీసుకుంటే మొదటి బండికి 1,26,000 రూపాయలు, రెండో బండైతే 1,44,000. మహారాష్ట్రలో పది లక్షల లోపు పెట్రోలు కారుకు 11 శాతమే, అంటే 99,000. ఇరవై ఏడు వేలు తేడా కనపడగానే నాందేడ్‌లో ఉన్న మేనమామ గుర్తుకు రావడం సహజం. కర్ణాటకలో పది లక్షల లోపు శాతం మనలాగే ఉండి, ఆ పన్ను మీద మళ్లీ సెస్సు పడుతుంది. కాబట్టి బీదర్‌లో ఆ ఆశ కూడా లేదు.

కానీ మోటారు వాహనాల చట్టం 40వ సెక్షన్ కొన్న ఊరిని అడగదు. నువ్వు ఎక్కడ ఉంటావు, బండి మామూలుగా ఎక్కడ ఉంటుంది అని అడుగుతుంది. 2019లో ఆ సెక్షన్‌ను సవరించి, ఆ రాష్ట్రంలోని ఏ రిజిస్టరింగ్ అధికారి దగ్గరైనా నమోదు చేయించుకోవచ్చన్నారు. సడలింపు రాష్ట్రం లోపలి వరకే. కరీంనగర్ పొరుగు పేట అన్నది అందుకే. అక్కడి డీలరు మణికొండ చిరునామాతో బిల్లు రాసి, ఇదే లైఫ్ ట్యాక్స్ కట్టించి, తెలంగాణ తాత్కాలిక నంబరుతో బండి ఇస్తాడు. శాశ్వత నంబరు రంగారెడ్డి జిల్లా 07 సిరీస్‌లో వస్తుంది. 09 కావాలనుకునేవాళ్ల గోల వేరు. 2024 మేలో ఖైరతాబాద్‌లో టీజీ 09 9999 ఇరవై ఐదున్నర లక్షలకు పోయింది. ఆ డబ్బుకు మంచి కారే వస్తుంది.

సరిహద్దు దాటి వేరే చిరునామా మీద రిజిస్టర్ చేస్తే కథ మారిపోతుంది. 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో నమోదైన బండిని ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి మొదటి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ, లోను ఉంటే బ్యాంకు నుంచి మరో కాగితం, ఇక్కడ బండి వయసును బట్టి మళ్లీ లైఫ్ ట్యాక్స్. అక్కడ కట్టినదాంట్లో మిగిలిన భాగం కోసం ఆ రాష్ట్రానికి అర్జీ. ఆ రీఫండు వస్తుంది, రాదని కాదు. ఎప్పుడన్నదే ప్రశ్న. పుదుచ్చేరిలో పన్ను తక్కువని కేరళ సినిమా తారలు కొందరు అక్కడి చిరునామాలతో ఖరీదైన కార్లు నమోదు చేయించుకున్న వ్యవహారం 2017లో బయటపడి పోలీసు కేసుల దాకా వెళ్లింది. వాళ్లు మిగుల్చుకోబోయింది లక్షల్లో. ఇరవై ఏడు వేల కోసం మేనమామ ఇంటి కరెంటు బిల్లును చిరునామాగా చూపించడం అంత పెద్ద నేరంగా కనిపించకపోవచ్చు గానీ జాతి అదే.

మణికొండలో ఈ ప్రశ్న అసలు రూపం నాందేడ్ కాదు, విజయవాడ. ఇక్కడి అద్దె ఇళ్లలో సగం మంది ఆధార్ కార్డు మీద గుంటూరో, భీమవరమో, కాకినాడో ఉంటుంది. కొనేటప్పుడు ఆ కార్డే ఇస్తారు, ఏపీ నంబరే వస్తుంది. 2019లో ఆంధ్రప్రదేశ్ జిల్లాకో కోడ్ పద్ధతి మాని రాష్ట్రమంతటికీ ఏపీ 39 పెట్టాక ఆ బండి ఏ జిల్లాదో నంబరు చూసి చెప్పడం కూడా కుదరదు. రెండు రాష్ట్రాల పన్ను శాతాలు చాలాకాలం ఒకటే కాబట్టి ఇందులో పన్ను ఎగ్గొట్టే ఉద్దేశం చాలామందికి లేదు. అలవాటు, అమ్మానాన్నల కోరిక, రేపో మాపో ఊరికి వెళ్లిపోతామన్న ఆశ, అంతే. చట్టం ఆశను లెక్కలోకి తీసుకోదు. ఏడాది దాటి బండి ఇక్కడే ఉంటే 47వ సెక్షన్ వీళ్లకూ వర్తిస్తుంది. కాబట్టి మణికొండలోనే స్థిరపడదామనుకునేవాళ్లు విజయవాడలో కొన్నా సరే, చిరునామా మాత్రం ముందే ఇక్కడికి మార్చుకోవడం మేలు. ఆధార్‌లో చిరునామా మార్పు ఇప్పుడు పెద్ద పని కాదు. పాస్‌పోర్టు, ఓటరు కార్డు కూడా పనికొస్తాయి.

ఐటీ కారిడార్‌లో తరచుగా వినపడే పరిష్కారం బీహెచ్ సిరీస్. 2021 సెప్టెంబరులో కేంద్రం తెచ్చింది. సైనికులకు, ప్రభుత్వోద్యోగులకు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు. పన్ను రెండేళ్లకోసారి కడితే చాలు, రాష్ట్రం మారితే నంబరు మార్చక్కర్లేదు. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే సగం మంది దీనికి అర్హులే. కానీ రాష్ట్రాలకు ఇది రుచించలేదు. ఒక్కసారే వచ్చే పన్ను వాయిదాల్లోకి మారితే ఏ ఖజానా ఒప్పుకుంటుంది? పైగా తెలంగాణ రవాణా శాఖ చాలాకాలం కేంద్రపు ‘వాహన్’ వ్యవస్థకు బయట, తన సొంత కంప్యూటర్ల మీద నడిచింది. అందువల్ల ఇక్కడ బీహెచ్ అన్నది ఆఫీసు క్యాంటీన్ కబుర్లలో ఉన్నంతగా రోడ్డు మీద లేదు.

కరెంటు కార్ల విషయంలో సరిహద్దు ఇంకో రకంగా పని చేస్తుంది. 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు చివరి వరకు తెలంగాణలో నమోదయ్యే ఎలక్ట్రిక్ వాహనాలకు లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేశారు. అంటే ఈ బండ్లకు తెలంగాణ చిరునామాయే వరం. పక్క రాష్ట్రాల వైపు చూడాల్సిన పనే లేదు. అంతకుముందు 2020 విధానం మొదటి ఐదు వేల ప్రైవేటు కార్లకే, అదీ తెలంగాణలో కొని తెలంగాణలో నమోదు చేస్తేనే రాయితీ ఇచ్చింది. ‘కొని’ అన్న ఆ షరతును గుర్తుపెట్టుకోవాలి. బయటి నుంచి తెచ్చే ముందు ఆ రోజు అమల్లో ఉన్న జీవో చదువుకోవడం ఎందుకు మంచిదో అదే చెబుతుంది. టెస్లా 2025 జులైలో ముంబయిలో తొలి షోరూం తెరిచింది. హైదరాబాద్‌లో షోరూం తెరవకముందే ఇక్కడివాళ్లు ఆ బండ్లు తెప్పించుకున్నారు. దూరపు డీలరు తప్ప దారి లేని కొనుగోలు ఇలాంటిదే. దాంట్లో చవకా ప్రియమా అన్న చర్చే ఉండదు.

అలాంటి గత్యంతరం లేనితనం మామూలు కార్లలో కూడా ఒకప్పుడు వచ్చింది. 2021లో చిప్‌ల కొరత. మహీంద్రా ఎక్స్‌యూవీ 700కు అక్టోబరు 7న బుకింగ్ తెరిస్తే 57 నిమిషాల్లో పాతిక వేలు నిండాయి. తర్వాత కొన్ని రకాలకు ఏడాది పైగా నిరీక్షణ. ఆ రోజుల్లో జిల్లా డీలరు దగ్గర ఎవరో బుకింగ్ రద్దు చేసుకున్నారని తెలిస్తే ఆదిలాబాదైనా ఆనందంగా పోయేవాళ్లు. ఇప్పుడు ఆ కరువు లేదు. కొత్త మోడల్ వచ్చిన మొదటి నెలల్లో, ఫలానా రంగు ఫలానా ఇంజిను మాత్రమే కావాలనే పట్టుదల ఉన్నవాళ్లకు తప్ప నిరీక్షణ కారణంగా ఊరు దాటాల్సిన పని పెద్దగా పడదు.

పడినప్పుడు జాగ్రత్త పడాల్సిన మొదటి కాగితం తాత్కాలిక రిజిస్ట్రేషన్. పక్క రాష్ట్రంలో కొని ఇక్కడ నమోదు చేయించుకోవడం పూర్తిగా చట్టబద్ధం. డీలరు అక్కడి తాత్కాలిక నంబరు, సేల్ సర్టిఫికెట్ అయిన ఫారం 21, కంపెనీ ఇచ్చే ఫారం 22, ఇన్వాయిస్, ఇన్సూరెన్స్ ఇస్తాడు. లైఫ్ ట్యాక్స్ ఇక్కడే కట్టాలి. ప్రమాదం ఎక్కడంటే, తాత్కాలిక నంబరుకు గడువుంటుంది, మనకు ఆఫీసులో డెడ్‌లైన్లుంటాయి. రాజస్థాన్‌లోని శ్రీగంగానగర్ వాసి ఒకాయన పంజాబ్‌లో బొలేరో కొన్నాడు. తాత్కాలిక నంబరు 2011 జులై 19తో ముగిసింది. తొమ్మిది రోజుల తర్వాత జోధ్‌పూర్‌లో బండి దొంగల పాలైంది. ఇన్సూరెన్స్ ఉంది, ప్రీమియం కట్టాడు. అయినా పదేళ్ల తర్వాత 2021లో సుప్రీంకోర్టు క్లెయిమ్ చెల్లదని తేల్చింది. రిజిస్ట్రేషన్ లేని బండిని రోడ్డు మీదికి తేవడం పాలసీ షరతును మౌలికంగా ఉల్లంఘించడమేనంది. దొంగతనానికీ నంబరు గడువుకూ సంబంధం ఏమిటన్న వాదన నిలవలేదు. దూరపు డీలరుతో వ్యవహారంలో ఈ ఒక్క కేసు గుర్తున్నా చాలు. ఆర్టీఏ ఆఫీసులో ఏదో కాగితం తక్కువైందని, అసలు ఇన్వాయిస్ కొరియర్‌లో వస్తోందని రోజులు జారిపోయేది ఇలాంటి కొనుగోళ్లలోనే.

ఇన్సూరెన్స్ ఎక్కడ తీసుకోవాలన్నదానికి చట్టంలో చిక్కు లేదు. డీలరు తన దగ్గరే కొనమని బలవంతం చేయకూడదు. కొత్త కారుకు 2018 సెప్టెంబరు నుంచి మూడేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. దాని రేటు దేశమంతా ఒకటే, 1,000 నుంచి 1,500 సీసీ కార్లకు 2022లో నిర్ణయించింది 10,640 రూపాయలు. సొంత నష్టం భాగంలో హైదరాబాద్ లాంటి ఎనిమిది నగరాలు ఒక జోన్, మిగతా దేశం మరో జోన్. తేడా వందల్లోనే ఉంటుంది. డీలరు మిగుల్చుకునేది, మనం బేరమాడగలిగేది ఈ సొంత నష్టం ప్రీమియం మీదే. పది లక్షలు దాటిన కారుకు ఒక శాతం టీసీఎస్ కూడా కడతాం. అది రిటర్న్‌లో చూపిస్తే సర్దుబాటవుతుంది. దాన్ని ఖర్చు కింద కలిపి ఒక డీలరు ఎక్కువ చెప్పాడనుకోవద్దు.

డెలివరీ నాడు బండిని పట్టపగలు చూడాలి. వెళ్లింది రెండు వందల డెబ్బై కిలోమీటర్లు, సాయంత్రానికి తిరిగి రావాలి, పక్కన అమ్మానాన్న కొబ్బరికాయతో సిద్ధంగా ఉన్నారు. ఇలాంటప్పుడే ఛాసిస్ నంబరు సరిపోల్చుకోవడం మరిచిపోతారు. గోవాలో 2011లో ఒకాయన ఆ ఏడాది బండి అని డబ్బు కడితే డీలరు ముందుకు తెచ్చింది 2009లో తయారై, 622 కిలోమీటర్లు తిరిగిన కారు. 2021లో సుప్రీంకోర్టు డీలరు తప్పుకు తయారీ కంపెనీని బాధ్యుణ్ని చేయలేమంది, కంపెనీకి ఆ సంగతి తెలుసని రుజువు కానంతవరకు. పేరున్న కంపెనీ కదా అన్న భరోసా డీలరుకు బదిలీ కాదన్నమాట. ఫారం 22లో తయారీ నెల చూడాలి. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలు వారాన్నీ ఏడాదినీ చెబుతాయి. ఓడోమీటరు వందలు దాటి ఉంటే ఎందుకో అడగాలి. బుకింగ్ నాడే ఛాసిస్ నంబరు రాయించుకుని, డబ్బు మొత్తం కట్టేముందు ఎవరినైనా పంపి చూపించుకోవడం దూరపు కొనుగోలులో అనవసరపు శ్రమ కాదు.

విజయవాడ నుంచి వచ్చేవాళ్లకు చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు. ఫాస్టాగ్ డీలరే అతికించి ఇస్తాడు. కొత్త ఇంజిన్‌ను మొదటి వెయ్యి కిలోమీటర్లు ఒకే వేగంలో లాగించొద్దని పుస్తకంలో రాసి ఉంటుంది, ఖాళీ హైవే అదే చేయమంటుంది. ఆ తర్వాత సర్వీసుకు దూరం అడ్డు కాదు. కంపెనీ వారంటీ, ఉచిత సర్వీసులు ఏ అధీకృత సర్వీసు సెంటర్‌లోనైనా చెల్లుతాయి. డీలరు సొంతంగా అమ్మిన కోటింగులు, నిర్వహణ ప్యాకేజీలు మాత్రం ఆ డీలరు దగ్గరే. మణికొండవాడు రాజమండ్రిలో అవి కొనడం దండగ. ఇబ్బంది పెట్టేది నంబరు ప్లేటు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండికి హై సెక్యూరిటీ ప్లేటు డీలరే బిగించాలి, అదీ శాశ్వత నంబరు వచ్చాక. అంటే ఇంకోసారి ప్రయాణం, లేదా అదే కంపెనీకి చెందిన ఇక్కడి డీలరును బతిమాలుకోవడం. ఈ సంగతి బుకింగ్ నాడే తేల్చుకోవాలి.

ఇన్ని చెప్పాక కూడా మా ఊరు అన్న మూడో కారణం తగ్గిపోదు. కొడుకు మొదటి కారు తన ఊరి షోరూంలో, తనకు తెలిసినవాళ్ల సమక్షంలో తీసుకోవాలని, అటు నుంచి అటే ఇంద్రకీలాద్రి దిగువన నిమ్మకాయల మీద నుంచి చక్రాలు నడిపించాలని తండ్రికి ఉండటంలో తప్పేముంది? జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి దగ్గర కూడా పూజ చేస్తారు, కానీ అక్కడ బంధువులు ఉండరు. ఊళ్లో డీలరు నాన్నకు తెలిసినవాడైతే రేపు ఏదైనా తేడా వస్తే ఫోన్ చేసి నిలదీయగల చనువుంటుంది, నగరంలో అది దొరకదు. దీనికోసం ఐదారు వేలు ఎక్కువైనా నేను తప్పు పట్టను. తప్పు పట్టేది, ఆ మమకారం మాటున బండిని నాన్న పేరు మీద రాయించి, రెండో కారు అదనపు పన్ను తప్పించుకుని, లోను మాత్రం కొడుకు కట్టే పద్ధతిని. బండి ఆయన పేరున ఉన్నంతకాలం నోటీసులు, చలాన్లు ఆయన పేరుకే పోతాయి. తర్వాత కొడుకు పేరుకు మార్చాలంటే రాష్ట్రం మార్పుతో పాటు యజమాని మార్పు కూడా కలిసి కాగితాలు రెట్టింపవుతాయి.

దూరపు డీలరుతో గొడవ వస్తే అక్కడిదాకా తిరగాలన్న భయం ఒకప్పుడు నిజం. 1986 నాటి వినియోగదారుల చట్టం కింద ఎదుటి పక్షం ఉన్నచోటో, వివాదం పుట్టినచోటో కేసు వేయాల్సి వచ్చేది. 2020 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఫిర్యాదుదారు ఉంటున్న చోట లేదా పనిచేస్తున్న చోట కూడా వేయొచ్చంది. కట్టిన మొత్తం యాభై లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్ చాలు. కాబట్టి భీమవరం డీలరును రంగారెడ్డి జిల్లా కమిషన్‌కు రప్పించవచ్చు. ఆయన రావాలంటే ముందు డబ్బు ఆయనకు చేరినట్టు రసీదు ఉండాలి. బుకింగ్ పది వేలు డీలర్‌షిప్ ఖాతాకు కాకుండా సేల్స్ కుర్రాడి ఫోన్‌పేకి వెళ్లి ఉంటే, ‘మా దగ్గర మీ పేరుతో బుకింగే లేదండీ’ అన్న డీలరు మాటకు అక్కడ చూపించడానికి ఏమీ ఉండదు.